గువ్వ గడ్డం కింద రెండు వేళ్లు

జూన్ 3

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. చదవడానికి మాత్రం మెడ పక్కకు వంచాల్సి వచ్చింది. మొదటి గీత తిన్నగానే బయలుదేరింది, నాలుగో గీతకల్లా కాగితం కుడి మూలకెక్కి కూర్చుంది. రోజంతా పుస్తకాలు కుట్టి, అంచులు వెంట్రుకవాసి తేడా లేకుండా కోసే మనిషి రాసే ఉత్తరమేనా ఇది? మీ వదిన చూసి, "మీ చెల్లెలు పడవలో కూర్చుని రాసిందా?" అంది.

సరే, గువ్వ సంగతి. దవడ ఎముకల స్కాను తీయాలని మీ పిల్లల డాక్టరు అన్నారని రాశావు. తీయించాల్సిందే. పిల్లకు నాలుగేళ్లు నిండాయి. కింది దవడ పుట్టినప్పుడు ఎంత వెనక ఉందో ఇప్పుడూ అంత వెనకే ఉంది. ఆపరేషన్ చేసి ముందుకు తేవాలంటే ఎముక ఎలా ఉందో ముందు తెలియాలి. స్కానుతో ఏ చిక్కూ లేదు. చిక్కంతా కదలకుండా పడుకోవడంతోనే. గువ్వ కదలకుండా ఉండటం నేను ఇంతవరకూ చూడలేదు. అందుకే నిద్రమందు తాగించి తీస్తామంటున్నారు. పిల్లలకు మత్తిచ్చి, మళ్లీ క్షేమంగా లేపడమే నా ఉద్యోగం కాబట్టి ఈ విషయంలో నా చాదస్తం కాస్త భరించు.

వీటికి జవాబు రాయి. గువ్వ గురక పెడుతుందా? నిద్రలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ అందుకుంటుందా? వెల్లకిలా పడుకుంటుందా, పక్కకు తిరిగా? పొద్దున లేచాక చిరాగ్గా ఉంటుందా? ఇంకొకటి, పక్కనుంచి తీసిన ఫొటో కావాలి. నువ్వు ఇన్నాళ్లూ పంపినవన్నీ ఎదురుగా తీసినవే.

ఫోన్ చేసి అడగొచ్చుగా అనకు. ఫోన్లో మనిద్దరం మూడో నిమిషానికల్లా పోట్లాటకు దిగుతాం. ఉత్తరంలో అయితే నువ్వు నా మాటకు అడ్డు రాలేవు.

గువ్వకు మామయ్య ముద్దులు, రెండు బుగ్గలకూ.

నీ అన్నయ్య


జూన్ 9

అన్నయ్యా,

నా గీతల మీద తర్వాత పడుదువుగాని, ముందు నీ దస్తూరి సంగతి చూసుకో. నువ్వు రాసిన చీటీ చదవడానికి మందుల షాపులో ముగ్గురు తలలు కలపాలి. నేను ఉత్తరాలు రాసేది మధ్యాహ్నం గువ్వ పడుకున్నప్పుడు, మంచం మీదే. మోకాలి మీద అట్ట, అట్ట మీద కాగితం. పడవ కాదని వదినకు చెప్పు.

నీ ప్రశ్నలకు జవాబులు. గురక లేదు. ఇల్లెగిరిపోయేలా గురక పెట్టే మేనమామ ఉండి కూడా దానికి ఆ గుణం రాలేదు. ఊపిరి ఆగడం అంతకన్నా లేదు. వెల్లకిలా, నా పక్కనే పడుకుంటుంది. పొద్దున్నే లేచి, మేమింకా కళ్లు తెరవకముందే మా ఇద్దరి మీదా ఎక్కి పాటలు పాడుతుంది. మీ బావ రైల్వే స్టేషన్లో నైట్ డ్యూటీ చేసి వచ్చిన రోజైతే మరీ గట్టిగా పాడుతుంది.

ఇక ఫొటో. పక్కనుంచి ఎందుకు అన్నయ్యా? ఆ వైపు నుంచి చూసేవాళ్లు మాకు చాలామంది ఉన్నారు. బస్సులో ఉన్నారు, పార్కులో ఉన్నారు. చూసి, పక్కవాళ్ల చెవిలో ఏదో చెప్పి, మళ్లీ చూస్తారు. నువ్వు మాత్రం దాని మొహంలోకి సూటిగా చూసి మాట్లాడే మనిషివని అనుకున్నాను. నీ ఉత్తరం చదువుతుంటే ఆస్పత్రి కాగితం నింపుతున్నట్టే ఉంది. మేనమామ ఎక్కడా కనిపించలేదు, చివరి ముద్దుల్లో తప్ప.

ఫొటో పంపుతున్నాను. ఎదురుగా తీసిందే. గువ్వ మీ బావ టోపీ పెట్టుకుని సిగ్నల్ ఇస్తోంది.

చిట్టి


జూన్ 15

చిట్టీ,

ఆ ఫొటో నా బల్ల మీద పెట్టుకున్నాను. పొద్దుటి నుంచి ఆ సిగ్నల్ దాటి ముందుకు పోలేకపోతున్నాను.

నువ్వు నొచ్చుకున్నావు. తప్పు నాదే. ఎందుకో చెప్పకుండా అడిగాను. మత్తిచ్చే డాక్టర్లం మేము మనుషుల్ని పక్కనుంచే చూస్తాం. నాకు అదో జబ్బయింది. బస్సులో ఎదుటివాళ్ల గడ్డం, మెడ చూసి, ఈయనకు ఊపిరి గొట్టం వేయడం తేలిక, ఆవిడకు కష్టం అని లెక్కలు వేస్తుంటాను. మీ వదిన చాలాసార్లు తిట్టింది. కింది దవడ వెనక్కి ఉంటే నోట్లో నాలుకకు చోటు తక్కువ. మెలకువగా ఉన్నప్పుడు కండరాలు నాలుకను పట్టి ఉంచుతాయి. మత్తులో అవి పట్టు వదిలేస్తాయి, నాలుక వెనక్కి జారి ఊపిరి దారికి అడ్డం పడుతుంది. అందరు పిల్లలకూ ఒక చెంచా మందు నిద్రే తెస్తుంది. ఇలాంటి పిల్లల్లో కొందరికి అదే చెంచా గొంతు మూసేస్తుంది. అందుకే అన్నిటికన్నా ముందు మామూలు నిద్ర ఎలా ఉందని అడిగాను. మామూలు నిద్రలోనే ఇబ్బంది ఉంటే మందు జోలికి పోకూడదు.

గురక లేదు, ఆగడం లేదు, పైగా వెల్లకిలా పడుకుంటుంది, పొద్దున్నే పాటలు పాడుతుంది అన్నావు. ఆ దవడతో అంత హాయిగా నిద్రపోతుందంటే నాకు ఆశ్చర్యంగానే ఉంది. కానీ నాలుగేళ్లుగా పక్కన పడుకున్నదానివి నువ్వు, నేను కాదు. నీకన్నా నాకు ఎక్కువ తెలుసని అనలేను. స్కాను డాక్టరుకు ఇవ్వమని ఒక చీటీ జత చేశాను. నిద్రలో శ్వాస ఇబ్బంది లేదని తల్లి చెబుతోందని, తక్కువ మోతాదు ఇచ్చి, స్కాను అయ్యేదాకా ఒకరు పక్కనే ఉండి ఊపిరి గమనించాలని రాశాను. నీకోసం గుండ్రంగా రాశాను, మందుల షాపు దాకా పోనక్కర్లేదు.

ఇకపై ప్రతి ఉత్తరంలోనూ మేనమామ ముందు వస్తాడు, డాక్టరు వెనక.

అన్నయ్య


జూన్ 22

అన్నయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి మీ బావకు వినిపిస్తూ. ఆయన అద్దం ముందు నిలబడి చాలాసేపు తన గడ్డం పక్కనుంచి చూసుకున్నారు. గొట్టం వేయడం తేలికో కష్టమో కనుక్కోమన్నారు.

స్కాను ముప్పయ్యో తారీకు పొద్దున. నీ చీటీ నా సంచిలో భద్రంగా పెట్టాను. నువ్వడిగిన ఫొటో కూడా పంపుతున్నాను. గువ్వ కిటికీలోంచి వాన చూస్తుంటే మీ బావ తీశారు. ముందు అది నేను చూడలేకపోయాను. తర్వాత చూస్తూ కూర్చున్నాను. వాన చూస్తున్న పిల్ల, అంతే.

ఈ వారం పనిలో తిట్లు తిన్నాను. మా లైబ్రరీ మరమ్మతు గది నీకు గుర్తుందిగా, జిగురు వాసన, పుస్తకాలు నొక్కిపెట్టే నాలుగు బిగింపు మరలు, ఒకటే కిటికీ. నూరేళ్ల నాటి అట్లాసుకు వెన్ను అతికిస్తూ జారవిడిచాను. మా పెద్దాయన అరవలేదు గానీ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్లజోడు తీస్తే అరిచినట్టే లెక్క. తప్పు నా ఎడమచేతి వేళ్లది. చూపుడు వేలు, నడిమి వేలు మొద్దుబారిపోతున్నాయి. అదంతా గువ్వ గారాబం వల్లే. నెలల పిల్లగా ఉన్నప్పటి నుంచి గడ్డం కింద నా రెండు వేళ్లు పెట్టి కాస్త పైకి ఎత్తి పట్టుకుంటే తప్ప దానికి నిద్ర పట్టదు. తీస్తే గింజుకుని లేస్తుంది. రాత్రుళ్లు నేను నిద్రపోయినా చెయ్యి అక్కడే ఉంటుంది. నేను లేకపోతే మీ బావ పెడతారు. ఇలా అలవాటు చేసి పిల్లను పాడు చేస్తున్నావని మా అత్తగారు ఎప్పుడూ అంటారు. అందుకే ఎవరికీ చెప్పను. ఇప్పుడు కూడా ఎడమచెయ్యి అక్కడే ఉంది, కుడిచేత్తో రాస్తున్నాను. కాగితం పట్టుకునే చెయ్యి లేక జారిపోతోంది. వదిన పడవ అదే.

స్కాను గదిలో నన్ను చెయ్యి పెట్టనిస్తారా? కనుక్కుని చెప్పు. లేకపోతే నానా గొడవ చేస్తుంది.

చిట్టి


జూన్ 26

చిట్టీ,

నిన్న సాయంత్రం ఫోన్లో నేను మాట్లాడిన తీరు తలుచుకుంటే నాకే సిగ్గేస్తోంది. నీ ఉత్తరం ఆస్పత్రి మెట్ల మీద నిలబడి చదివాను. వేళ్ల సంగతి దగ్గర ఆగి, ఆ వాక్యం మళ్లీ చదివాను. ఫోన్ తీసి, "స్కాను వద్దు, మందు చుక్క కూడా వద్దు, ఎవరు పెట్టమన్నారు నిన్ను చెయ్యి" అని అరిచాను. నువ్వు ఏడుపు మొదలుపెట్టావు. నేను ఫోన్ పెట్టేశాను. మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ కోపం నీ మీద కాదు, నా మీద. నెలరోజులుగా నీ వంకర గీతలు చూసి వెక్కిరిస్తున్నాను. చెల్లి రెండో చెయ్యి ఏమైందని ఒక్కసారి అడగలేదు. అడక్కుండానే చీటీ రాసిచ్చాను. నువ్వు ఆ ఉత్తరం ఒక వారం ఆలస్యంగా రాసి ఉంటే నా చీటీ పట్టుకుని వాళ్లు మందు తాగించేవాళ్లు, నిన్ను బయట కూర్చోబెట్టేవాళ్లు. ఆ తర్వాత ఏమయ్యేదో నాకు తెలుసు. దాన్ని కాగితం మీద పెట్టలేను. ఆ చీటీ చింపి పారెయ్యి.

ఇప్పుడు ఒక్క పని చెయ్యి. బావ ఇంట్లో ఉన్న రోజు మధ్యాహ్నం, గువ్వ బాగా నిద్రపోయాక, వేళ్లు తీసి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చో. గోడ గడియారం చూడు. ఛాతీ కదులుతున్నా ఊపిరి వినిపించకపోతే పది లెక్కపెట్టి, వేళ్లు మళ్లీ పెట్టెయ్యి. ఒక్కసారి చాలు. చూసింది చూసినట్టు రాయి.

అన్నయ్య


జూలై 2

అన్నయ్యా,

చూశాను.

ఆదివారం మధ్యాహ్నం. మీ బావ మంచానికి అటువైపు కూర్చున్నారు. వేళ్లు తీశాను. మొదట గరగరమంది. తర్వాత ఆ చప్పుడు కూడా లేదు. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, మెడ దగ్గర గుంట పడుతోంది, ముక్కు దగ్గర నా చేతికి గాలి తగల్లేదు. నువ్వు పది అన్నావు. నేను ఏడు దాకా లెక్కపెట్టి చెయ్యి పెట్టేశాను. పెట్టగానే పెద్దగా ఊపిరి తీసుకుని, ఏమీ ఎరగనట్టు నిద్రపోయింది. మీ బావ లేచి వంటింట్లోకి వెళ్లి మంచినీళ్ల కుళాయి విప్పి అలాగే నిలబడిపోయారు. గ్లాసు నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు.

గారాబం అనుకున్నాను అన్నయ్యా. నాలుగేళ్లు. ఊపిరి కోసం మేలుకుంటుంటే మారాం చేస్తోందనుకున్నాను. నువ్వు అడిగినప్పుడు కూడా ఏ ఇబ్బందీ లేదని రాశాను, ఆ ఇబ్బందిని నా చేత్తోనే మూసిపెట్టి. ఫోన్లో నువ్వు అరిచింది నిజమే కదా, మళ్లీ ఉత్తరంలో ఎందుకు బుజ్జగిస్తావు?

ఒకటి మాత్రం తేల్చుకున్నాను. నిద్రమందు వద్దు, స్కాను వద్దు, ఆపరేషన్ అసలే వద్దు. మామూలు నిద్రే దాని గొంతు మూసేస్తుంటే మీ మత్తులో దాన్ని ఎలా వదలను? నేనున్నన్నాళ్లూ నా చెయ్యి ఉంటుంది. వేళ్లు మొద్దుబారితే రెండో చెయ్యి ఉంది. నన్ను ఒప్పించాలని చూడకు.

చిట్టి


జూలై 8

చిట్టీ,

ముందు మేనమామ మాట్లాడతాడు. ఈ ఉత్తరంతో ఒక పొట్లం ఉంది, గువ్వకు. లోపల మెత్తటి అంచున్న మాస్కు, అవతలివాళ్ల మొహం కనపడేంత తేట ప్లాస్టిక్కుది. బొమ్మలకు పెట్టమను, బావకు పెట్టమను.

ఇప్పుడు డాక్టరు. ఫోన్లో నేనన్నది తప్పు. నిజం ఇది. గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి దవడను పైకి ఎత్తడం మాకు మొదటిరోజు నేర్పే పని. అప్పుడు నాలుక దారి వదులుతుంది. నాకు ఆ పట్టు కుదరడానికి ఆరు నెలలు పట్టింది. నీకు ఎవరూ నేర్పలేదు, పేరు కూడా తెలియదు. పిల్ల ఊపిరి విని నీ వేళ్లే నేర్చుకున్నాయి. గువ్వ ఇంత చక్కగా ఎదిగింది, పొద్దున్నే పాటలు పాడుతోంది అంటే దాని రక్తంలోకి నాలుగేళ్లుగా గాలి అందింది కాబట్టే. అది నీ చెయ్యి చేసిన పని. అత్తగారికి ఇది చదివి వినిపించు, గొంతు పెంచి.

నేనున్నన్నాళ్లూ చెయ్యి ఉంటుందన్నావు. ఉంటుంది, నాకు అనుమానం లేదు. కానీ అది వచ్చే ఏడు బడికి పోతుంది, మధ్యాహ్నం బెంచీ మీద తల వాల్చి పడుకుంటుంది. పదేళ్లకు స్నేహితురాలి ఇంట్లో పడుకుంటానని ఏడుస్తుంది. నీ చెయ్యి ఎంత దూరం చాస్తావు?

మా ఆస్పత్రికి తీసుకురా. తాగే మందు ఇవ్వరు. మా మత్తు విభాగం పెద్ద మేడమ్ ఇస్తారు మత్తు, ఇరవై ఏళ్లుగా ఇలాంటి మొహాల పిల్లలకే ఆవిడ మత్తిస్తున్నారు. మాస్కులోంచి గాలితో కలిపి మెల్లగా ఇస్తారు. గువ్వ తన ఊపిరి తను తీసుకుంటూనే నిద్రపోతుంది. ఊపిరి ఆపే మందు ఏదీ ముందుగా ఇవ్వరు. సన్నటి కెమెరా దారం ముక్కులోంచి పంపి, దారి కళ్లతో చూసుకుంటూ గొట్టం వేస్తారు. అది కుదరకపోతే ఏం చెయ్యాలో, ఆ పైన ఏం చెయ్యాలో ముందే అనుకుని ఉంటారు. అవసరమైతే మెడ దగ్గర ఊపిరికి దారి తెరవడానికి గొంతు డాక్టరు చేతులు కడుక్కుని పక్కనే నిలబడతారు. ఆ నిద్రలోనే ముందు స్కాను, తర్వాత ఆపరేషన్. భయం లేదని నీకు అబద్ధం చెప్పను. ఉంది. గడ్డం కింద ఎవరి చెయ్యీ లేని గదిలో కన్నా ఈ గదిలో తక్కువ.

నిద్ర పట్టేదాకా నువ్వు లోపలే ఉండొచ్చు, నీ వేళ్లు నీ చోటులోనే. మేడమ్‌ను అడిగాను, ఆవిడే రమ్మన్నారు. నేను మాత్రం లోపలికి రాను. గువ్వ విషయంలో నా చేతులు డాక్టరు చేతులు కావు, మేనమామవి. బావతో బయట కూర్చుంటాను.

ఒప్పించాలని చూడకు అన్నావు. చూశాను. తిట్టు.

అన్నయ్య


ఆగస్టు 23

అన్నయ్యా,

ఇల్లు చేరాం. బస్సులో దారంతా గువ్వ నిద్రపోలేదు, నా ఒళ్లో నిలబడి అందరికీ తన చెవుల కింద ఉన్న కడ్డీలు చూపించింది. "నా దవడకు మర బిగించారు, మా అమ్మ తిప్పుతుంది" అని చెప్పింది. మొదటిసారి ఎవరూ పక్కవాళ్ల చెవిలో మాట్లాడలేదు. ఒకాయన తన మోకాలికి వేసిన ఇనుప పలక సంగతి దానికి చెప్పారు.

రోజుకు రెండుసార్లు తిప్పుతున్నాను, పొద్దున అర చుట్టు, సాయంత్రం అర చుట్టు. మీ సర్జను నాకు చూపించబోతూ, "మీకు చెయ్యి తిరిగినట్టుందే" అన్నారు. పదకొండేళ్లుగా పుస్తకాల మరలు తిప్పుతున్నానని చెప్పాను. తేడా ఒకటే, అక్కడ దగ్గరకు బిగిస్తాం, ఇక్కడ కోసిన దవడ ఎముకను కొద్దికొద్దిగా దూరం జరుపుతున్నాం.

లోపల ఏం జరిగిందో నీకు ఇంతవరకూ చెప్పలేదు. నువ్వూ అడగలేదు. బయటికి వచ్చేసరికి నువ్వూ మీ బావా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు, నన్ను చూసి వదిలేశారు. చెయ్యి ఎంత దూరం చాస్తావని నువ్వడిగిన మాటే నన్ను అక్కడిదాకా తెచ్చింది. ఇప్పుడు చెబుతాను.

గువ్వ తన మాస్కు తనే పెట్టుకుంది. నువ్వు పంపినదాన్ని మా ఇంట్లో పెట్టించుకోని మనిషి లేడు, అత్తగారితో సహా. బల్ల తలవైపు ఎత్తారు. నా వేళ్లు గడ్డం కింద ఉన్నాయి. మేడమ్ నన్ను పక్కకు జరగమనలేదు. దాని మత్తు బరువు నా వేళ్ల మీదకు దిగింది, ఇంట్లో నిద్ర కన్నా చాలా బరువు. అప్పుడు ఆవిడ చెయ్యి నా చేతి పక్కకు వచ్చింది. నా వేళ్ల పక్కనే తన వేళ్లు, అదే ఎత్తు, అదే ఒంపు. వదలండి అంటారనుకున్నాను. ఆవిడ అనలేదు. "నేను పట్టుకున్నానమ్మా" అన్నారు. మాస్కుకు తగిలించిన గాలి సంచీ దాని ఊపిరితో నిండటం, తగ్గడం నాకు చూపించారు. నాలుగు ఊపిరులు చూశాక నేనే తీశాను.

తలుపు దాకా నడిచాను, వేళ్లు అలాగే వంగి ఉన్నాయి.

నీ చెల్లి


అక్టోబర్ 30

చిట్టీ,

మరలు తీసేశాక చేసిన నిద్ర పరీక్ష కాగితాలు వచ్చాయి. రాత్రంతా ఒక్కసారి కూడా ఊపిరి ఆగలేదు. నేను మూడుసార్లు చదివాను, మేడమ్‌తో ఒకసారి చదివించాను, మీ వదినకు అర్థం కాకపోయినా చదివి వినిపించాను. దవడ ఉండాల్సిన చోటికి దాదాపుగా వచ్చింది. పెరిగేకొద్దీ మళ్లీ చూడాల్సి ఉంటుంది, అది అప్పటి మాట. తర్వాత ఎప్పుడు మత్తు ఇవ్వాల్సి వచ్చినా ముందు చూపించమని మేడమ్ ఒక కాగితం ఇచ్చారు. అది ఎప్పుడూ నీ సంచిలో ఉండాలి, ఒకప్పుడు నా చీటీ ఉన్న చోట.

ఇక చెయ్యి తీసెయ్యి. బావ ఫోన్ చేసి చెప్పాడు, పరీక్ష నుంచి వచ్చాక కూడా ప్రతి మధ్యాహ్నం అక్కడే పెడుతున్నావట. ఆయన మీద కోప్పడకు, చాడీలు చెప్పమని నేనే పురమాయించాను.

అన్నయ్య


నవంబర్ 12

అన్నయ్యా,

మీ బావ మీద కోప్పడ్డాను. నీ వాటా మిగిల్చాను, వచ్చినప్పుడు తీసుకో.

కాగితంలో ఉన్నది నాకు అర్థమైంది. నా చేతికి అర్థం కాలేదు. ప్రతిరోజూ ఈరోజు తీసేద్దామనే అనుకునేదాన్ని. నిద్ర పట్టగానే చెయ్యి తనంతట తనే అక్కడికి పోయేది. తీసిన మరుక్షణం ఏడు లెక్కపెట్టిన ఆ మధ్యాహ్నం గుర్తొచ్చేది. నాకు భయంగా ఉంది అన్నయ్యా. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. భయం ఒక్కటే కాదు. నా చెయ్యి దానికి అక్కర్లేకపోవడం నాకు బాగాలేదు. ఇలా అనుకునే తల్లి ఉంటుందా?

ఈ మధ్యాహ్నం ఎప్పటిలాగే పడుకుంది. వేళ్లు పెట్టాను. కాసేపటికి కళ్లు తెరవకుండానే, "అమ్మా, చెయ్యి బరువుగా ఉంది" అంది. నా వేళ్లు తీసి పక్కన పెట్టింది. పెట్టి, దుప్పటి లాక్కుని, అటు తిరిగి పడుకుంది.

వంగి చూశాను. నోరు మూసుకునే ఉంది. ఊపిరి వస్తోంది, పోతోంది, చప్పుడు లేకుండా. వంద దాకా లెక్కపెట్టాను. తర్వాత ఎక్కడిదాకా వచ్చానో మరిచిపోయాను.

ఎడమచేతికి ఏం చెయ్యాలో తోచలేదు. కాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత అట్ట తీసుకుని నీకు రాయడం మొదలుపెట్టాను. ఆ చెయ్యి ఇప్పుడు కాగితం పట్టుకుంది.

ఈ ఉత్తరం వదినకు చూపించు. గీతలన్నీ తిన్నగా వచ్చాయి.

నీ చిట్టి